చీలమండ లోతు నీళ్లు

హైదరాబాద్‌లో వలస పక్షుల మాట ఎత్తితే అందరూ డిసెంబరు కోసమే చూస్తారు. అమీన్‌పూర్ చెరువు, ఉస్మాన్‌సాగర్, బాతుల గుంపులు, అదృష్టం బాగుంటే ఫ్లెమింగోలు. అప్పటికి వలస కథ సగం నడిచిపోయి ఉంటుంది. వినాయక చవితి నాటికే, ఇంకా వానలు పడుతుండగానే, మూసీలోకి ఉల్లంకి పిట్టలు (సాండ్‌పైపర్లు) దిగుతాయి. అక్కణ్నుంచి దీపావళి దాకా ఒకటి వెనక ఒకటి కొత్తవి వస్తూనే ఉంటాయి. ఏడాది మొత్తంలో నేను ఎదురుచూసే రోజులివే.

వీటికోసం వెళ్లేది నగరం దాటాక, నాగోలు, పీర్జాదిగూడ వైపు నది ఒడ్డుకు. మురుగు వాసన, నీటి మీద తెల్లటి నురగ. ఆ నీటితోనే ఒడ్డు పొడవునా పాడి బర్రెలకు పచ్చగడ్డి పెంచుతారు. గడ్డి కోసిన మడిలో చీలమండ లోతు నీళ్లుంటాయి, మెత్తటి బురదలో ఎర్రటి సన్న పురుగులుంటాయి. వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన పిట్టకు ఇంకేం కావాలి? మొన్న గడ్డి మోపు కడుతున్న ఒకామె నా మెడలో బైనాక్యులర్ చూసి తనే చెప్పింది: "పసుపుపచ్చ పిట్టలొచ్చినయ్ సార్, బర్రెలెనకనే తిరుగుతున్నయ్." ఎల్లో వాగ్‌టెయిళ్లు. బర్రె అడుగు వేస్తే లేచే పురుగుల కోసం దాని వెంటే పరుగెడతాయి.

అన్నిటికన్నా ముందొచ్చే వాటిలో వుడ్ సాండ్‌పైపర్ ఒకటి. గోరింక కన్నా కాస్త చిన్నది. పసుపు ఛాయ కాళ్లు, కంటిపైన తెల్లటి గీత, గోధుమరంగు వీపు నిండా లేత చుక్కలు. స్వీడన్, ఫిన్లండ్ మొదలు సైబీరియా దాకా చిత్తడి నేలల్లో వేసవిలో పిల్లల్ని చేస్తుంది. పిల్లలకు రెక్కలు రాకముందే తల్లి దక్షిణానికి బయల్దేరుతుంది. తండ్రి ఇంకొన్నాళ్లు కాపుండి కదులుతుంది. పిల్లలు చివర. వాటికి దారి చూపేవాళ్లు ఎవరూ ఉండరు. నింపాదిగా చూస్తే ఏది పెద్దదో, ఏది పిల్లో ఈకలే చెబుతాయి. ఆగస్టులో దిగిన పెద్దవాటి ఈకలు అరిగి, అంచులు చిరిగి ఉంటాయి. తర్వాత వచ్చే పిల్లల ఈకలు కొత్త నోటు అంచుల్లా నలగకుండా ఉంటాయి. పుట్టి నాలుగు నెలలు కూడా నిండని ప్రాణి, తోడు లేకుండా ఇంత దూరం వచ్చి నా ముందు పురుగులు ఏరుకుంటుంటే ప్రతి ఏడూ ఒళ్లు పులకరిస్తుంది.

దానికి బంధువే గ్రీన్ సాండ్‌పైపర్. మనిషి అలికిడైతే చాలు, అరుస్తూ లేచిపోతుంది. బురదలో బతికే ఈ పిట్ట గుడ్లు పెట్టేది మాత్రం చెట్టు మీద, వేరే పిట్టలు వదిలేసిన పాత గూళ్లలో.

వానలు దండిగా పడిన ఏడాది జలాశయాల దగ్గర ఇవి పెద్దగా కనపడవు. 2020 అక్టోబరు వానలకు హిమాయత్‌సాగర్ నిండి గేట్లు ఎత్తారు. నిండిన జలాశయం కంటికి పండగే గానీ, పొట్టి కాళ్ల పిట్టకు అందులో నిలబడే చోటుండదు. నీరు తగ్గి బురద తేలేదాకా పొలాలు, ఈ గడ్డిమళ్లే దిక్కు.

1931లో సలీం అలీ హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే మొదలుపెట్టి, ఏ పిట్ట ఎక్కడ, ఏ తేదీన దొరికిందో రాసిపెట్టారు. ఆ తేదీలున్నాయి కాబట్టే ఇవాళ మనం పోల్చి చూసుకోగలుగుతున్నాం. దసరా నాడు పాలపిట్ట కనిపించిందా లేదా అని ఇంటింటా అడుగుతారు కదా, మిగతా పిట్టల గురించీ అంత శ్రద్ధగా అడగాలి. కనిపించకపోతే ఆ సంగతీ తేదీతో సహా రాయాలి.

మూసీని బాగుచేయాలన్న మాట ఏళ్లుగా వింటున్నాం. మురుగు పోవాల్సిందే. పిట్టలు వచ్చాయి కాబట్టి నది బాగుందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ నీటితో బతికే మనుషుల ఒంటిని చూసినవాడెవడూ ఆ మాట అనలేడు. అయితే బాగుచేయడమంటే రెండు వైపులా నిట్టనిలువు గోడ కట్టడం అనుకుంటేనే నాకు భయం. ఒడ్డు ఏటవాలుగా ఉండాలి, నీరు పలచగా పారే చోట్లు కొన్నయినా మిగలాలి.

చూడాలనుకునేవాళ్లు పొద్దున ఏడు లోపే వెళ్లండి. గడ్డి కోసేవాళ్లు మడిలోకి దిగాక పిట్టలు అవతలి ఒడ్డుకు పోతాయి.