మసి పట్టిన సాస్ సీసాలు

గుజిరీ అంగడిలో దొరికిన నీలిపచ్చ గాజు సీసా మీద నిలువునా ‘లీ అండ్ పెరిన్స్’ అనీ, భుజం చుట్టూ ‘వూస్టర్‌షైర్ సాస్’ అనీ ఉబ్బెత్తు అక్షరాలు కనిపిస్తే, పాత సీసాలు పోగేసేవాళ్ళు తమ పని ముక్కాలు అయిపోయిందనుకుంటారు. అడుగున ‘ఎ.సి.బి. కో’ అని కూడా ఉంటే ఇక తిరుగులేదు, అది యార్క్‌షైర్‌లోని ఎయిర్ అండ్ కాల్డర్ బాటిల్ కంపెనీ పోత. సబ్బునీళ్ళతో తోమి, చీటీ రాసి, అద్దాల బీరువాలో పెట్టేస్తారు. నా పేచీ ఆ తోమడంతోనూ, ఆ చీటీతోనూ. బళ్ళారి జిల్లా సిరుగుప్ప తాలూకాలో, హచ్చొళ్ళి లాంటి సరిహద్దు ఊళ్ళో బయటపడిన సీసాకు ఆ చీటీ పుట్టుక చెబుతుందే గానీ బతుకు చెప్పదు. బతుకు జాడలేమైనా మిగిలి ఉంటే వాటిని తోముడు పీచు ఎత్తుకుపోతుంది.

పుట్టుక తేల్చే విద్యను నేను తక్కువ చేయడం లేదు. అచ్చు రెండు చెక్కలు కలిసిన చోట గాజు మీద సన్నని అతుకు గీత పడుతుంది. అది మెడ దగ్గర ఆగిపోతే మూతిని చేత్తో దిద్దారని అర్థం. మూతి అంచు దాకా పాకితే యంత్రం పోసిందని అర్థం. అమెరికాలో మైకేల్ ఓవెన్స్ పూర్తిగా తనంతట తాను నడిచే సీసా యంత్రాన్ని 1903 నాటికి పనిలోకి తెచ్చాడు. ఇరుకు మూతి సీసాల్లో అంచు దాకా గీత ఉన్నవి చాలావరకు ఆ తర్వాతి కాలానివే. వజ్రం ఆకారపు గుర్తు ఉంటే బ్రిటన్‌లో ఆ నమూనాను 1842, 1883 మధ్య నమోదు చేయించారన్నమాట. 1884 నుంచి దాని బదులు వరస నంబర్లు వచ్చాయి. ఇసుకలోని ఇనుము వల్ల గాజుకు పచ్చదనం వస్తుంది. దాన్ని విరిచేందుకు మాంగనీసు కలిపిన గాజు ఏళ్ళ తరబడి ఎండలో పడి ఉంటే వంగపూవు రంగుకు తిరుగుతుంది. బళ్ళారి ఎండకు ఆ పని తేలికే. కాకపోతే అదే రంగును రేడియేషన్‌తో తెప్పించి అమ్మేవాళ్ళూ ఉన్నారు. ఇక ఆకారాన్ని బట్టి వయసు కట్టడం మరీ ప్రమాదం: హైరమ్ కాడ్ 1870ల మొదట్లో పేటెంటు తీసుకున్న గోలీ సోడా సీసా మన దేశంలో ఈనాటికీ నడుస్తోంది.

ఈ విద్యకు ఇంగ్లండు, అమెరికాల చెత్తగుంటలే బడి. అక్కడ సాస్ సీసా బల్ల మీద నుంచి చాలాసార్లు నేరుగా గుంటలోకే పోయేది. కాబట్టి సీసా వయసు తెలిస్తే గుంట వయసు తెలుస్తుంది, గుంట పక్కింటివాళ్ళు ఏం తిన్నారో కూడా తెలుస్తుంది. ఇక్కడ ఆ లెక్క కుదరదు. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నాక బళ్ళారిలో పెద్ద దండు వెలిసింది. క్రాస్ అండ్ బ్లాక్‌వెల్ ఊరగాయలైనా, లీ అండ్ పెరిన్స్ 1837లో అమ్మకానికి పెట్టిన సాస్ అయినా ఈ దేశంలో ముందుగా చేరింది అలాంటి దండుల దొరల బల్లల మీదికే. ఆ సాస్ పులుపులో చింతపండుదీ ఒక వాటా. చింతచెట్ల నీడన బతికే ఊళ్ళకు దాని అక్కర ఏముంది? ఊళ్ళకు కావలసింది ఖాళీ సీసా. ఊరగాయకు మనకు జాడీ ఉంది. వెలుగు సోకదు, మూతి వెడల్పు, గరిటె పడుతుంది. ఇరుకు మూతి గాజు సీసా ఆముదానికో, కిరసనాయిలుకో, తేనెకో, కాంపౌండరు పోసే ఎర్రమందుకో పనికొచ్చింది. మూత రేకుకు చిల్లి పెట్టి వత్తి దూరిస్తే బుడ్డిదీపమయింది. సాస్ ఆ సీసాలో ఉన్నది కొన్ని నెలలైతే, ఆముదం ఉన్నది ఒక తరం కావచ్చు. మరి దాన్ని సాస్ సీసా అని మాత్రమే పిలవడం ఏ న్యాయం?

వస్తువుతో పాటు అది దొరికిన చోటునూ రాసుకోవడానికి ఈ బళ్ళారి సీమలోనే పాత దృష్టాంతం ఉంది. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ సంగనకల్లు, కప్పగల్లు కొండల్లో రాతి పనిముట్లు ఏరాడు. ఆయన సేకరణ మద్రాసు మ్యూజియంకు చేరింది. దాని వివరణ ఆయన పోయాక 1916లో అచ్చయింది. ఆ రాళ్ళకు విలువ తెచ్చింది వాటి నునుపు కాదు, ఏది ఏ చోట దొరికిందో ఆయన రాసిపెట్టుకోవడం. సీసా చీటీకీ అదే కావాలి. రాష్ట్రం పేరు రాస్తే చాలదు. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయి, మిగతా బళ్ళారి మైసూరుకు వచ్చింది. అంతకుముందు తిరిగిన సీసాకు ఆ గీత తెలియదు. ఊరు పేరు రాయాలి.

రాతి గొడ్డలి ఎక్కడ, లక్షల్లో పోసిన సాస్ సీసా ఎక్కడ అని ఎవరైనా అడగవచ్చు. లక్షల్లో పోసినందుకే నేనీ మాట అంటున్నాను. అచ్చులో అన్నీ ఒకటే, వాడకంలోనే ఒకదానికొకటి వేరు. కంపెనీ చరిత్ర కంపెనీ కాగితాల్లో ఉంది, హచ్చొళ్ళి వాడకం ఏ కాగితంలోనూ లేదు. మరక చూసి అది ఆముదమో బుడ్డల నూనో ప్రయోగశాల లేకుండా ఎవరు చెప్పగలరన్నది ఇంకో ఆక్షేపణ. నిజమే, కంటికి తేలదు. కానీ తోమేసిన సీసాను ప్రయోగశాల కూడా చదవలేదు. పైగా ప్రయోగశాల అక్కర్లేని జాడలూ ఉన్నాయి: మూతి దగ్గర పట్టిన మసి, గూటిలో జరిపీ జరిపీ అడుగున అరిగిన వలయం, ఒంటికి అతుక్కుపోయిన డోసు గీతల కాగితం పీలిక, అసలు గాజు బిరడా పోయాక కుక్కిన గుడ్డ. గుజిరీవాడి మాట నమ్మేదెలా అంటారా? నమ్మనక్కర్లేదు, ‘అమ్మినవాడు చెప్పింది’ అని రాసుకుంటే సరి. మెరిసే సీసాకే ధర పలుకుతుందన్నది అన్నిటికన్నా గట్టి వాదన. వ్యాపారులు రాగి ముక్కలూ రాపిడి పొడీ వేసి గంటల తరబడి తిప్పి మెరుగుపెట్టేదీ అందుకే. అయితే ఆ మెరుపు సీసా ఇంగ్లండు అంగళ్ళలోనూ దొరుకుతుంది.

ఒక్కచోట మాత్రం కడగమనేవాళ్ళ పక్షానే నిలబడతాను. ఇది వరీ పత్తీ పండే నేల. పాత సీసాల్లో పురుగుమందు పోసి దాచుకోవడం పల్లెల్లో కొత్త కాదు. అడుగున ఏదో గడ్డకట్టి ఉన్న సీసాను వాసన చూడకూడదు, వంటింటి సింకులో పెట్టకూడదు, పిల్లలకు అందనివ్వకూడదు. ఫోటో తీసి, ఊరు పేరు రాసుకుని, చేతులకు తొడుగులు వేసుకుని ఆరుబయట జాగ్రత్తగా కడిగించాల్సిందే.