క్రీమీ చికెన్ పాస్తా: నునుపుకు మూలం గంజి

క్రీమీ చికెన్ పాస్తా రెండు దేశాలు కలిసి వండిన వంట. పాస్తా, వెన్న, గట్టి చీజ్ ఇటలీవి. క్రీము, చికెన్ ఆ పళ్లెంలోకి అమెరికాలో చేరాయి. దినుసులు పదికి మించవు. అయినా ఇళ్లలో ఇది తరచు రెండు విధాలుగా చెడుతుంది: సాస్ ముద్దకట్టి గొంతు దిగదు, లేదా వెన్న విడిపోయి నూనెలా పైకి తేలుతుంది. రెండింటికీ కారణం ఒకటే, చిక్కదనమంతా క్రీము నుంచే రావాలనుకోవడం. ఈ వంట పుట్టిన రోమ్ నగరంలో మొదట దీనికి క్రీమే లేదు. సాస్‌ను నునుపుగా నిలిపింది పాస్తా ఉడికిన గంజి.

రోమ్ నుంచి అమెరికాకు

వెన్న, చీజ్ కలిపిన పాస్తా ఇటలీలో చాలా పాత తిండి. 15వ శతాబ్దపు వంటవాడు మార్టినో ద కోమో తన వంట గ్రంథంలో రోమ్ పద్ధతి మాకరోనీని వివరిస్తూ, ఉడికిన పాస్తాకు వెన్న, చీజ్, మసాలా దినుసులు చేర్చమంటాడు. ఒంట్లో బాగాలేనివారికి, చిన్నపిల్లలకు ఇటలీ ఇళ్లలో ఇప్పటికీ పెట్టే పథ్యపు భోజనం ఇదే.

దానికి పేరు తెచ్చినవాడు అల్ఫ్రెడో ది లేలియో. 1908లో కొడుకు పుట్టాక భార్య నీరసించి అన్నం సయించక బాధపడుతుంటే, ఆమె కోసం వెన్న, పార్మిజానో చీజ్ మామూలుకన్నా ఎక్కువ వేసి ఫెట్టుచీనే చేశాడని ఆ కుటుంబం చెప్పే కథనం. 1914లో ఆయన రోమ్‌లోని వియా దెల్లా స్క్రోఫా వీధిలో సొంత భోజనశాల తెరిచాడు. అక్కడ ఈ పాస్తాను వంటగదిలో కలిపేవారు కాదు, తినేవాళ్ల బల్ల దగ్గరే కలిపేవారు. వెడల్పాటి పళ్లెంలో వెన్న, చీజ్ తురుము వేసి, పొగలు కక్కే ఫెట్టుచీనేను అందులోకి దించి, స్పూను, ఫోర్కుతో పైకెత్తి తిప్పి వదులుతూ కలుపుతుంటే, తడిగా ఉన్న పాస్తాకు వెన్న, చీజ్ పట్టుకుని తెల్లని సాస్ కళ్ల ముందే తయారయ్యేది. 1920లో పెళ్లి చేసుకుని ఐరోపా యాత్రకు వచ్చిన హాలీవుడ్ నటులు మేరీ పిక్‌ఫర్డ్, డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ ఆ రుచికి ముచ్చటపడ్డారు. తర్వాత అల్ఫ్రెడోకు బంగారు స్పూను, ఫోర్కు కానుకగా ఇచ్చారు. ఆ వార్తతో ఆయన పేరు అమెరికా అంతటా పాకింది.

అమెరికా వంటవాళ్లకు దొరికే వెన్న, చీజ్ వేరు. తినేవాళ్ల ముందు నిలబడి ఒక్కో పళ్లెం కలిపే తీరిక అక్కడి భోజనశాలలకు లేదు. క్రీము పోస్తే సాస్ త్వరగా విరగదు, చాలాసేపు అలాగే నిలుస్తుంది. అలా క్రీము వచ్చింది. పాస్తాను, మాంసాన్ని ఇటలీలో వేర్వేరు వడ్డనలుగా తింటారు. ఒకే పళ్లెంలో భోజనం పూర్తికావాలని కోరే అమెరికాలో చికెన్ కూడా పాస్తా మీదికి చేరింది. ఇలా మారినంత మాత్రాన ఇది తక్కువ వంట కాదు. అయితే మూలంలోని పద్ధతి తెలిసినవారి చేతిలో మాత్రమే దీనికి న్యాయం జరుగుతుంది.

హైదరాబాద్, విజయవాడ కెఫేల్లో వైట్ సాస్ పాస్తా పేరుతో దొరికేది దీనికి దాయాది. అక్కడ చిక్కదనం వెన్నలో మైదా వేయించి పాలు పోసి కాచిన సాస్ నుంచి వస్తుంది. ఇటలీలో లసాన్యా పొరల మధ్య పరిచేది అదే. అది వేరే మార్గం, దాని రుచి దానిది. మైదా సాస్ చల్లారితే గట్టిపడి పాస్తాను పట్టేస్తుంది. గంజితో నిలిపిన సాస్ తేలికగా ఉండి, పాస్తా రుచినీ చీజ్ రుచినీ విడివిడిగా తెలియనిస్తుంది.

పాస్తా, గంజి

ఎండు పాస్తాకు తగినది డ్యూరమ్ గోధుమ. గట్టి గింజ, పసుపు ఛాయ, ఎక్కువ ప్రొటీన్ దాని గుణాలు. ఇటలీలో ఎండు పాస్తాను డ్యూరమ్ గోధుమతోనే చేయాలని 1967 నాటి చట్టం నిర్దేశించింది. డ్యూరమ్‌లోని గ్లూటెన్ గట్టి వలలా అల్లుకుని, ఉడికేటప్పుడు పిండి పదార్థం ఒక్కసారిగా బయటికి పోకుండా పట్టి ఉంచుతుంది. కొనేటప్పుడు ప్యాకెట్ మీద డ్యూరమ్ గోధుమ రవ్వ అని ఉందో లేదో చూడాలి. మామూలు గోధుమ రవ్వతో చేసినవి ఒక్క నిమిషం ఎక్కువ ఉడికినా మెత్తబడి విరుగుతాయి.

పాస్తా పైపొర కూడా ముఖ్యం. నేపుల్స్ దగ్గరి గ్రన్యానో పట్టణం ఎండు పాస్తాకు పేరుపొందింది. ఆ పేరుకు ఐరోపా సమాఖ్య 2013లో భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. అక్కడ పిండిని కంచు అచ్చుల గుండా వత్తుతారు. కంచు అచ్చులోంచి వచ్చిన పాస్తా చేతికి గరుకుగా, పైన పిండి చల్లినట్టు కనిపిస్తుంది. ఆ గరుకుదనమే సాస్‌ను పట్టుకుంటుంది, నీళ్లలోకి ఎక్కువ గంజినీ వదులుతుంది. టెఫ్లాన్ అచ్చుల పాస్తా నున్నగా మెరుస్తుంది, సాస్ దాని మీది నుంచి జారిపోతుంది. క్రీమీ సాస్‌కు వెడల్పాటి ఫెట్టుచీనే బాగా నప్పుతుంది. అది దొరకనప్పుడు గాడులున్న పెన్నె వాడవచ్చు.

ఇటలీ వంటింటి లెక్క సులువు: 100 గ్రాముల పాస్తాకు లీటరు నీళ్లు, 10 గ్రాముల ఉప్పు. ఉప్పు మొదటే నీళ్లలో పడితేనే పాస్తా లోపలి దాకా రుచి పడుతుంది. అయితే ఈ వంటలో చీజ్‌లోనూ ఉప్పు ఉంటుంది, గంజి కూడా సాస్‌లోకే వెళుతుంది. కాబట్టి లీటరుకు 7 గ్రాములు చాలు. నీళ్లు కూడా కాస్త తగ్గిస్తే గంజి చిక్కగా వస్తుంది. నీళ్లలో నూనె వేయకూడదు, ఉడికిన పాస్తాను చన్నీళ్లతో కడగకూడదు. మొదటిది పాస్తాకు జిడ్డు పట్టిస్తుంది, రెండోది సాస్‌కు ఆధారమైన పిండిపొరను కడిగేస్తుంది.

అన్నం వార్చినట్టు ఈ గంజిని పారబోయడమే ఇళ్లలో జరిగే పెద్ద పొరపాటు. పాస్తా వార్చే ముందు రెండు కప్పుల గంజి పక్కన తీసి పెట్టుకోవాలి.

చీజ్, క్రీము

కొవ్వు, నీళ్లు వాటంతట అవి కలవవు. వాటిని కలిపి ఉంచేందుకు మధ్యలో ఏదో ఒకటి ఉండాలి. ఆ పని గంజిలోని పిండి పదార్థం చేస్తుంది. కరిగిన వెన్న చుక్కలు మళ్లీ ఒకదానితో ఒకటి కలిసిపోకుండా అది అడ్డు నిలుస్తుంది. వేడికి చీజ్‌లోని ప్రొటీన్ ఉండలు కట్టకుండా కూడా అదే కాపాడుతుంది.

పార్మిజానో రెజ్జానో చీజ్‌కు పార్మా, రెజ్జో ఎమీలియా, మోడెనా పరిసరాలు పుట్టిల్లు. దాదాపు 40 కిలోల ఒక్కో చక్రానికి 500 లీటర్లకు పైగా పాలు పడతాయి. కనీసం 12 నెలలు మాగితే గానీ దానికి ఆ పేరు ఇవ్వరు. మాగే కొద్దీ నీరు తగ్గి రుచి చిక్కబడుతుంది. ఈ చీజ్‌ను ముక్కగా కొని, వంటప్పుడే దుమ్ములా సన్నగా తురమాలి. తురిమి ప్యాక్ చేసి అమ్మే వాటిలో పొడి అంటుకోకుండా సెల్యులోజ్ వంటివి కలుపుతారు, అవి సాస్‌లో సరిగా కరగవు. ప్రాసెస్డ్ చీజ్ ఉండలు కట్టకుండా కరుగుతుంది గానీ, మాగిన చీజ్ రుచి దానికి రాదు. అదే వాడవలసి వస్తే మిగతా ఉప్పు తగ్గించాలి.

అమెరికాలో హెవీ క్రీము అనే పేరుకు కనీసం 36 శాతం కొవ్వు ఉండాలి. కొవ్వు అంత ఉంటే మరిగినా సులభంగా విరగదు. మన దుకాణాల్లో దొరికే ఫ్రెష్ క్రీములో సాధారణంగా 25 శాతమే ఉంటుంది. దాన్ని పెద్ద మంట మీద మరిగిస్తే, నిమ్మరసం వంటి పులుపు నేరుగా తగిలితే విరిగిపోతుంది. అందుకే ఇక్కడి వంటలో క్రీము చివర్లో, సన్న సెగ మీద చేరాలి.

చికెన్

బోన్‌లెస్ బ్రెస్ట్ ముక్కలో కొవ్వు తక్కువ, అందుకే తొందరగా ఎండిపోతుంది. ఒక చివర మందంగా, మరో చివర పలచగా ఉండటంతో మందపు చివర ఉడికేలోపు పలచటి చివర పీచుపీచు అవుతుంది. ముక్కను అడ్డంగా రెండు పొరలుగా కోసి, చపాతీ కర్రతో తట్టి ఒకే మందానికి తేవాలి. వండటానికి అరగంట ముందు ఉప్పు, మిరియాల పొడి పట్టించాలి. ఉప్పు మొదట తడిని బయటికి లాగుతుంది, కాసేపటికి ఆ తడి ఉప్పుతో సహా మాంసంలోకి ఇంకి, వేడి తగిలినప్పుడు రసం పోకుండా ఆపుతుంది.

పెనం మీద వేసే ముందు ముక్కను పొడిగుడ్డతోనో, టిష్యూతోనో గట్టిగా అద్దాలి. పైన తడి ఉంటే అది ఆవిరయ్యే దాకా ముక్క ఎర్రబడదు, ఉడికి తెల్లబోతుంది. కాలిన పెనం మీద ముక్క వేశాక మూడు నాలుగు నిమిషాలు కదపకుండా వదిలితే అడుగున బంగారు రంగు పడుతుంది. అది పడ్డప్పుడు ముక్క దానంతటదే పెనం వదులుతుంది. అప్పుడు తిప్పి రెండో వైపు కాల్చాలి. లోపలి వేడి 74 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే చికెన్ ఉడికినట్టు లెక్క. దించి ఐదు నిమిషాలు పక్కన పెట్టాకే కోయాలి. వెంటనే కోస్తే రసమంతా పలకమీదికి కారిపోతుంది.

పెనానికి అంటుకున్న గోధుమరంగు పొరను కడిగేయకూడదు. సాస్‌కు మాంసపు రుచి ఇచ్చేది అదే.

నలుగురికి వండే క్రమం

కావలసినవి: ఫెట్టుచీనే 400 గ్రాములు, బోన్‌లెస్ చికెన్ 500 గ్రాములు, వెన్న 60 గ్రాములు, ఫ్రెష్ క్రీము 200 మిల్లీలీటర్లు, సన్నగా తురిమిన పార్మిజానో 100 గ్రాములు, వెల్లుల్లి రెబ్బలు నాలుగు, నూనె రెండు చెంచాలు, మిరియాల పొడి, ఉప్పు.

నీళ్లు పొయ్యి మీద పెట్టి, అవి కాగేలోపు వెడల్పాటి బాణలిలో నూనె వేసి చికెన్ కాల్చి తీయాలి. అదే బాణలిలో సగం వెన్న కరిగించి, సన్నగా తరిగిన వెల్లుల్లిని వేయించి, రంగు మారకముందే, వాసన రాగానే ఆపాలి. పాస్తాను ప్యాకెట్ మీద చెప్పిన సమయానికి రెండు నిమిషాల ముందే పరీక్షించాలి. కొరికి చూస్తే మధ్యలో సన్నటి తెల్లటి చుక్క కనిపించాలి. మిగతా ఉడుకు సాస్‌లో పూర్తవుతుంది.

ఒక కప్పు గంజి బాణలిలో పోసి, అడుగున అంటిన పొరను చెక్క గరిటెతో గీకి కరిగించాలి. పాస్తాను పటకారుతో నేరుగా బాణలిలోకి తీసి, మంచి మంట మీద నిమిషంన్నర తిప్పాలి. గంజి చిక్కబడి పాస్తాకు పట్టగానే మంట బాగా తగ్గించి క్రీము, మిగిలిన వెన్న వేయాలి. ఒకసారి కలిపి పొయ్యి ఆపాలి. బుడగలు పూర్తిగా తగ్గాక చీజ్‌ను మూడు నాలుగు విడతలుగా చల్లుతూ, ఆగకుండా తిప్పుతూ ఉండాలి. సాస్ కుతకుతలాడుతుండగా చీజ్ వేస్తే ప్రొటీన్ బిగుసుకుని తీగలు సాగుతుంది.

తిప్పుతున్న కొద్దీ మార్పు కంటికి తెలుస్తుంది. మొదట సాస్ పలచగా, బాణలి అడుగున నీళ్లలా కదులుతుంది. తర్వాత పాస్తాను పైకి లాగినప్పుడు వెంట వస్తుంది. చివరకు గరిటెతో గీత గీస్తే ఒక్క క్షణం గీత నిలిచి, మళ్లీ కలుస్తుంది. అక్కడ ఆగాలి. పళ్లెంలోకి వెళ్లాక పాస్తా ఇంకా పీల్చుకుంటుంది కాబట్టి బాణలిలో సాస్ కావలసినదానికన్నా కాస్త జారుగా ఉండటమే సరైనది. కోసిన చికెన్‌ను, పలకమీద మిగిలిన రసంతో సహా పైన చేర్చి, మిరియాల పొడి చల్లి వెంటనే వడ్డించాలి.

చెడితే దిద్దే మార్గాలు

సాస్ ముద్దకడితే ఇంకో క్రీము ప్యాకెట్ విప్పకూడదు. రెండు మూడు చెంచాల వేడి గంజి పోసి తిప్పితే సడలుతుంది. నూనె తేలితే మంట మీది నుంచి తీసి, కొద్దిగా గంజి పోసి గట్టిగా తిప్పాలి. చాలాసార్లు మళ్లీ కలుస్తుంది. చీజ్ ఉండలు కడితే మాత్రం పూర్తిగా బాగుపడదు, అందుకే చీజ్ వేసేటప్పుడే జాగ్రత్త అవసరం. ఉప్పు రుచి చీజ్ కరిగాకే చూడాలి. మన బజారు వెన్నలో ఉప్పు ఉంటుందన్నదీ గుర్తుంచుకోవాలి.

మిగిలినదాన్ని రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. మర్నాడు వేడి చేసేటప్పుడు కొద్దిగా పాలు లేదా నీళ్లు చేర్చి, సన్న సెగ మీద కలుపుతూ కాచాలి. పెద్ద మంటకు సాస్ విరుగుతుంది. ఎంత జాగ్రత్త పడినా మొదటి రోజు నునుపు రెండోరోజు రాదు. ఏ పూటకు ఆ పూట వండుకోవలసిన భోజనం ఇది.

ఈ పద్ధతి విలువ ఒక్క వంటతో ఆగదు. గంజితో కొవ్వును నిలిపే నేర్పు పట్టుబడితే మిరియాలు, చీజ్‌తో చేసే రోమ్ వారి కాచో ఎ పేపే, గుడ్డుతో చేసే కార్బొనారా కూడా చేతికి వస్తాయి. క్రీము తక్కువ పడటంతో ఖర్చూ కొవ్వూ తగ్గుతాయి, చీజ్ రుచి తేటగా తెలుస్తుంది. మంచి డ్యూరమ్ పాస్తా, మాగిన చీజ్, తీసి పెట్టుకున్న రెండు కప్పుల గంజి ఉంటే, 200 మిల్లీలీటర్ల క్రీము నలుగురికి సరిపోతుంది.