వంతెన క్రింది నీరు

రైలు ప్రమాదము జరిగిన మరునాడు మనమడుగు మొదటి ప్రశ్న “తప్పెవరిది?” అని. ఆ ప్రశ్న ఒక్కటే చాలదు.

1956 సెప్టెంబరులో మహబూబ్‌నగరు వద్ద వరదకు వంతెన కూలెను; నవంబరులో అరియలూరు వద్ద మరొకటి. అప్పుడు రైల్వేమంత్రి లాల్ బహదూర్ శాస్త్రిగారు రాజీనామా చేసిరి. ఆ ధర్మబుద్ధిని నేటికిని కొనియాడుచున్నాము. అయినను 2005 అక్టోబరు 29న వలిగొండ వద్ద, చెరువుకు గండిపడి చిన్న వంతెన కొట్టుకొనిపోగా, డెల్టా పాసింజరు పడి నూరుమందికి పైగా మరణించిరి. రాజీనామా జ్ఞాపకమున్నది, కారణము మరపునకు వచ్చినది.

వడిగా పారు నీరు స్తంభముల మొదట సుడి తిరిగి మట్టిని తోడివేయును. పైన పట్టాలు మాత్రము వ్రేలాడుచు, చెక్కుచెదరనట్లే కనిపించును. వేగముగా వచ్చు బండి ఆగుటకు కావలసినంత దూరము ఇంజను దీపపు వెలుగు పారదు. ఇట్టిచోట డ్రైవరును నిందించుట అన్యాయము.

రైల్వేలలో వానకాలపు గస్తీ కలదు. మార్గమునకు ముప్పుతెచ్చు చెరువుల పట్టికయు కలదు. కాని గస్తీవాడు చూచునది పట్టాలను, చెరువున్నది ఎగువన. పట్టిక ఎంత చక్కనిదైనను వార్త కానేరదు. గోస్తని, కాలువల నడుమ బ్రతుకు తణుకువారికి గండియన నేమో చెప్పనక్కరలేదు. గట్టు తెగిన కబురు రైలుకంటె ముందు స్టేషనుకు చేరవలెను. అది చేరునా అన్నదే మనమడుగవలసిన ప్రశ్న.