భారం మారే చోటు: నౌకావాణిజ్య పరిభాష - తెలుగు అనువాదాలపై ఒక విమర్శ

వ్యాస సంగ్రహం

అంతర్జాతీయ నౌకా రవాణాలో వాడే పారిభాషిక పదాల్లో అధికభాగం వస్తువుల పేర్లు కావు. ఖర్చు ఎవరిది, నష్టభయం ఎవరిది, హక్కు ఎవరిది అన్న విషయాలను నిర్ణయించే ఒప్పందాల సంగ్రహ రూపాలు. వీటిని తెలుగులోకి తెచ్చేటప్పుడు కేవలం పదానికి పదం పెట్టడం వల్ల ఆ నిర్ణయాంశం జారిపోతున్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఎఫ్.ఓ.బి., సి.ఐ.ఎఫ్., బిల్ ఆఫ్ లేడింగ్, డెమరేజి, జనరల్ యావరేజి అనే ఐదు పదాలను పరిశీలించి, అనువాదానికి ఉపకరించే ఒక ప్రమాణాన్ని సూచిస్తుంది.

కీలక పదాలు: నౌకావాణిజ్యం, పరిభాష, నష్టభయం, ఎగుమతి, మోటుపల్లి శాసనం, అనువాద విమర్శ.

1. ఉపోద్ఘాతం

పారిభాషిక పదకల్పన గురించి తెలుగులో జరిగిన చర్చ చాలావరకు రెండు పక్షాల మధ్య నడిచింది. సంస్కృత ధాతువులతో కొత్త పదాలను నిర్మించాలన్నది ఒక పక్షం. ఇంగ్లీషు పదాన్నే తెలుగు లిపిలో రాసుకుంటే చాలునన్నది రెండవ పక్షం. కంటైనరు, క్రేను, లంగరు వంటి వస్తువాచకాల విషయంలో ఏ పక్షం గెలిచినా పెద్ద నష్టం లేదు. వస్తువు కంటి ముందు ఉంటుంది కాబట్టి పేరు ఏదైనా అర్థం స్థిరంగా ఉంటుంది. నౌకావాణిజ్య పరిభాషలో కీలకమైన పదాలు అటువంటివి కావు. రెండు దేశాల వర్తకుల మధ్య, వారికీ ఓడ యజమానికీ మధ్య, వారందరికీ బీమా సంస్థకూ మధ్య ఉన్న బాధ్యతలను అవి రెండు మూడు అక్షరాల్లో కుదించి చెబుతాయి. ఆ అక్షరాలను తప్పుగా చదివినవాడు భాషాదోషంతో బయటపడడు, డబ్బు నష్టపోతాడు.

ఈ చర్చకు ఇప్పుడొక తక్షణ ప్రయోజనం ఉంది. 1856 నాటి బిల్ ఆఫ్ లేడింగ్ చట్టం, 1908 నాటి ఓడరేవుల చట్టం, 1925 నాటి సముద్ర సరకు రవాణా చట్టం, 1958 నాటి వాణిజ్య నౌకల చట్టం - ఈ నాలుగింటి స్థానంలో 2025లో భారత పార్లమెంటు కొత్త చట్టాలను చేసింది. తీరప్రాంత నౌకా రవాణాకు విడిగా మరొక చట్టం వచ్చింది. వీటిని తెలుగులో బోధించవలసిన అవసరం, వీటిపై తెలుగులో రాయవలసిన అవసరం వాణిజ్యశాస్త్ర అధ్యాపకులకూ అనువాదకులకూ తప్పదు.

2. ఎగుమతి, దిగుమతి: పదాల్లో నిలిచిన చర్య

తెలుగుకు ఈ రంగంలో సొంత సంపద లేదన్న భావన సరికాదు. ఎగుమతి, దిగుమతి అనే పదాలనే తీసుకుందాం. ఎగువ-దిగువ, ఎగుడు-దిగుడు అనే జంటల్లో కనిపించే మూలరూపాలే వీటిలోనూ ఉన్నాయి. సరకును పైకెత్తి వాహనంలో పెట్టడం ఎగుమతి, వాహనం నుంచి కిందికి దించడం దిగుమతి. బ్రౌన్ నిఘంటువు ఈ రెండు పదాలకు సరకు ఎక్కించడం, దించడం అన్న అర్థాలను కూడా ఇచ్చింది. ఆ అర్థం నేటికీ వాడుకలో ఉంది. రైస్ మిల్లుల ముందు ధాన్యం లారీలు బారులు తీరినప్పుడు, ధాన్యం దిగుమతి చేసుకోవడం లేదని రైతులు అంటారు. ఆ మాటలో విదేశీ వాణిజ్యం లేదు, బస్తాలు దించడమే ఉంది.

ఇంగ్లీషులో ఈ వ్యాపారానికి వాడే పదాలు దేశం బయటికి మోయడం, లోపలికి మోయడం అన్న భావం మీద నిలిచాయి. తెలుగు పదాలు సరిహద్దును చెప్పవు, ఓడ అంచును చెబుతాయి. సరకు ఎప్పుడు నేలను వదిలింది, ఎప్పుడు నేలను తాకింది అన్నదే వాటి దృష్టి. నౌకావాణిజ్య ఒప్పందాల్లో బాధ్యత చేతులు మారేది కూడా తరచుగా ఆ క్షణంలోనే. ఓడకూలికి 'కేవు' అన్న పదం పాత నిఘంటువుల్లో ఉంది. ఇంగ్లీషులో సరకుకూ, సరకు చేరవేతకు ఇచ్చే కూలికీ ఒకే పదం వాడుతూ సందర్భాన్ని బట్టి గ్రహించవలసి వస్తుంటే, తెలుగు ఆ రెండింటినీ సరకు, కేవు అని వేరుచేసి పెట్టుకుంది. అట్లని తెలుగు ఎన్నడూ తలుపులు మూసుకోలేదు. అవచి తిప్పయసెట్టికి అంకితమైన శ్రీనాథుని హరవిలాసంలో ఆ వర్తకుని సముద్ర వ్యాపార వర్ణన ఉంది. అందులో కప్పలి, జోంగు వంటి పరభాషా నౌకానామాలు పద్యంలో సహజంగా ఒదిగిపోయాయి. వస్తువు పేరును అరువు తెచ్చుకోవడం, చర్యను సొంత మాటల్లో చెప్పుకోవడం అన్న ఈ విభజన గమనించదగినది.

3. మోటుపల్లి శాసనం: నష్టభయం ఎవరిది

నష్టభయాన్ని ఎవరు భరించాలన్న ప్రశ్న తెలుగు నేలకు కొత్త కాదు. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ఈ ప్రశ్నకే సమాధానం. తుపానులో చిక్కి, పగిలి, ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడలలోని సరకునంతటినీ పూర్వపు రాజులు బలవంతంగా తీసుకునేవారని శాసనం పేర్కొంటుంది. ప్రాణం కన్నా ధనం విలువైనదని తలచి సముద్రయానానికి తెగించిన వర్తకుల నుంచి నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని అభయమిస్తుంది. ఆ సుంకం ముప్పయ్యో వంతు.

శాసనాన్ని చరిత్రకారులు విదేశీ వాణిజ్య ప్రోత్సాహానికి నిదర్శనంగా చెబుతారు. పరిభాష దృష్టితో చూస్తే అందులో మరొక అంశం ఉంది. ఓడ పగిలిన తరువాత సరకు ఎవరిది అన్న ప్రశ్నకు 'వర్తకునిదే' అని రాజశక్తి బహిరంగంగా ప్రకటించడం అది. శాసనం సరకుల పేర్లతో ఆగక, నష్టం, హక్కు, సుంకం అనే మూడింటికీ హద్దులు గీసింది. ఆధునిక నౌకావాణిజ్య పరిభాష చేసే పని కూడా ఇదే.

4. ధర ఒకచోట, నష్టభయం మరొకచోట

పారిస్ కేంద్రంగా పనిచేసే అంతర్జాతీయ వాణిజ్య మండలి 1936లో తొలిసారి ఇన్‌కోటర్మ్స్ అనే వాణిజ్య పదావళిని ప్రచురించింది. 2020 నాటి కూర్పులో పదకొండు పదాలున్నాయి. వీటిలో తెలుగు పత్రికల్లోనూ పాఠ్యపుస్తకాల్లోనూ ఎక్కువగా వినిపించేవి ఎఫ్.ఓ.బి., సి.ఐ.ఎఫ్. అనే రెండు.

ఎఫ్.ఓ.బి.లోని మొదటి అక్షరం అనువాదకులకు ఉచ్చు. యంత్రానువాదాల్లో 'బోర్డులో ఉచితం' వంటి రూపాలు ఎదురవుతున్నాయి. ఇక్కడ ఉచితమన్న మాటకు తావు లేదు. సరకును ఓడలోకి ఎక్కించేవరకు అయ్యే ఖర్చూ నష్టభయమూ అమ్మకందారువి, ఆపైన కొనుగోలుదారువి అన్నదే ఈ పదం తాత్పర్యం. 2000 నాటి కూర్పు వరకు ఈ మార్పు ఓడ అంచు కమ్మీని సరకు దాటడంతో జరిగేది. క్రేనుకు వేలాడుతున్న పెట్టె కమ్మీకి ఇవతల పడిందా, అవతల పడిందా అన్నదాన్ని బట్టి నష్టం ఎవరిదో తేలేది. 2010 కూర్పు ఆ ఊహారేఖను తొలగించి, సరకు ఓడలోకి చేరడాన్నే ప్రమాణం చేసింది. అంటే పదం మన ఎగుమతి అన్న మాట మూలార్థానికి మరింత దగ్గరైంది.

సి.ఐ.ఎఫ్. పరిస్థితి మరింత సూక్ష్మం. సరకు ధర, బీమా, ఓడకూలి కలిసిన ధర అన్న వివరణ తప్పు కాదు, అసంపూర్ణం. ఈ పద్ధతిలో గమ్యస్థానపు రేవు వరకు కేవు కట్టేది అమ్మకందారే. నష్టభయం మాత్రం బయలుదేరే రేవులో, సరకు ఓడకెక్కగానే కొనుగోలుదారుకు మారిపోతుంది. ఖర్చు మారే చోటు ఒకటి, భయం మారే చోటు మరొకటి. 'గమ్యస్థాన ధర' అని అనువదిస్తే, సరకు చేరేదాకా బాధ్యత అమ్మినవాడిదేనని విద్యార్థి నమ్ముతాడు. నడిసముద్రంలో సరకు తడిస్తే కొన్నవాడు బీమా సంస్థనూ ఓడ యజమానినీ ఆశ్రయించవలసి ఉంటుంది. పైగా ఈ పదం కింద అమ్మకందారు తప్పనిసరిగా చేయవలసిన బీమా కనీస రక్షణ ఇచ్చేది మాత్రమే.

ఈ తేడా పరిశోధకులకు మరొక విధంగానూ ముఖ్యం. భారతదేశపు సరకు వాణిజ్య గణాంకాల్లో ఎగుమతులను ఎఫ్.ఓ.బి. విలువలోనూ, దిగుమతులను సి.ఐ.ఎఫ్. విలువలోనూ లెక్కిస్తారు. కాబట్టి రెండింటి వ్యత్యాసంగా కనిపించే వాణిజ్య లోటులో దిగుమతుల ఓడకూలి, బీమా కూడా కలిసే ఉంటాయి. పరిభాషను దాటవేసిన వ్యాసం ఆ లోటునంతటినీ సరకుల లోటుగానే చదువుతుంది.

సముద్రం లేని తెలంగాణకు ఈ విషయం ఇంకా దగ్గరిది. హైదరాబాదు ఎగుమతిదారు సనత్‌నగర్ లోతట్టు కంటైనరు డిపోలో తన పెట్టెను అప్పగించాక అది వందల కిలోమీటర్లు ప్రయాణించి రేవును చేరుతుంది. ఎఫ్.ఓ.బి. ఒప్పందమైతే ఆ దూరమంతా నష్టభయం అతనిదే, పెట్టె అతని చేతుల్లో లేకపోయినా. అందుకే కంటైనరు సరకుకు, రవాణాదారుకు అప్పగించడంతోనే బాధ్యత మారే ఎఫ్.సి.ఎ. అనువైనదని వాణిజ్య మండలి సూచిస్తుంది.

5. రసీదు, హక్కుపత్రం

బిల్ ఆఫ్ లేడింగ్‌ను 'ఓడ రసీదు' అనడం సులభం. ఆ పత్రం చేసే పనులు మూడు. సరకు అందిందనడానికి అది రసీదు, రవాణా ఒప్పందానికి సాక్ష్యం, సరకు మీద హక్కును తెలిపే దస్తావేజు. మొదటి పని రసీదుది, చివరిది అమ్మకపు దస్తావేజుది. సరకు సముద్రం మీద ఉండగానే, వెనుక సంతకంతో ఈ పత్రాన్ని మరొకరికి బదిలీ చేయవచ్చు, బ్యాంకులో హామీగా పెట్టవచ్చు. గమ్యస్థానంలో మూలపత్రం చూపినవారికే సరకు దక్కుతుంది.

'రసీదు' అన్న అనువాదంతో వచ్చే చిక్కు ఇంకొకటి ఉంది. సరకు ఓడకెక్కినప్పుడు ఓడ అధికారి ఇచ్చే మేటు రసీదు విడిగా ఉంది. అది కేవలం రసీదు. దాని ఆధారంగానే బిల్ ఆఫ్ లేడింగ్ జారీ అవుతుంది. బదిలీకి వీలులేని సీ వేబిల్లు అనే మరొక పత్రం ఉంది. మూడింటినీ ఓడ రసీదులే అంటే హక్కు ఏ కాగితంలో ఉందో చెప్పలేం. భూమి విషయంలో పన్ను రసీదుకూ అమ్మకపు దస్తావేజుకూ ఉన్న తేడా తెలియని తెలుగు రైతు లేడు. ఆ ఎరుకను ఆధారం చేసుకుని బదిలీకి వీలున్న బిల్ ఆఫ్ లేడింగ్‌ను 'సరకు హక్కుపత్రం' అనడం సమంజసం.

6. జరిమానా కానిది, సగటు కానిది

డెమరేజి అన్న మాట రైల్వే గూడ్సు షెడ్ల ద్వారా తెలుగుకు ఎప్పుడో అలవాటైంది. దీన్ని 'ఆలస్యపు జరిమానా' అనడంలో దోషముంది. జరిమానా అంటే తప్పు చేసినవాడికి అధికారం ఉన్న సంస్థ విధించేది. ఓడను అద్దెకు తీసుకునే ఒప్పందంలో సరకు ఎక్కించడానికి, దించడానికి కొంత గడువు ముందే రాసుకుంటారు. గడువు దాటితే రోజుకు ఇంత అని ఓడ యజమానికి చెల్లించే, ముందే ఒప్పుకున్న నష్టపరిహారం డెమరేజి. పని గడువుకు ముందే ముగిస్తే యజమాని తిరిగి చెల్లించే ఏర్పాటు కూడా ఒప్పందంలో ఉండవచ్చు. జరిమానాకు అటువంటి ఎదురు చెల్లింపు ఉండదు. కంటైనర్ల విషయంలో మరొక భేదం పాటిస్తారు. నిండు పెట్టె గడువు దాటి రేవులోనే ఉండిపోతే డెమరేజి, బయటికి తీసుకుపోయిన పెట్టెను గడువులోగా ఖాళీగా తిరిగి అప్పగించకపోతే డిటెన్షన్. మొదటిదాన్ని 'నిలుపుదల పరిహారం' అనీ, రెండవదాన్ని 'పెట్టె జాప్య రుసుము' అనీ వేరుచేయవచ్చు.

జనరల్ యావరేజిని 'సాధారణ సగటు' అని చదివితే అర్థం పూర్తిగా తలకిందులవుతుంది. సముద్ర చట్టంలో ఈ మాటకు నష్టమని అర్థం. ఓడకూ సరకుకూ కలిపి ప్రమాదం వచ్చినప్పుడు, అందరి ఆస్తినీ కాపాడడానికి బుద్ధిపూర్వకంగా కొంత సరకును సముద్రంలో పారవేసినా, అసాధారణ ఖర్చు పెట్టినా, ఆ నష్టాన్ని ఓడ యజమాని, సరకుల యజమానులు అందరూ తమ తమ ఆస్తి విలువ మేరకు పంచుకోవాలి. రోమన్ ధర్మశాస్త్ర సంకలనంలో రోడ్స్ ద్వీపపు చట్టంగా పేర్కొన్న ఈ నియమం నేడు యార్క్-ఆంట్వెర్ప్ నియమాల రూపంలో కొనసాగుతున్నది. ఓడ, సరకుల మొత్తం విలువ 100 కోట్ల రూపాయలు, త్యాగం చేసినది 5 కోట్లు అనుకుంటే, 2 కోట్ల సరకు ఉన్నవాడు 10 లక్షలు భరించాలి, అతని సరకుకు చిన్న గీత కూడా పడకపోయినా. 2021 మార్చిలో సూయజ్ కాలువలో ఎవర్ గివెన్ అనే ఓడ ఇరుక్కుని, ఆరు రోజుల తరువాత కదిలాక, యజమానులు ఈ నియమాన్నే ప్రకటించారు. తన సరకు క్షేమమని తెలిసీ, హామీ సమర్పించనిదే దాన్ని తీసుకోలేని స్థితి వేలమంది వర్తకులది. తెలుగులో దీనికి 'ఉమ్మడి నష్టం' అన్న మాట సిద్ధంగా ఉంది. ఉమ్మడి కుటుంబం, ఉమ్మడి ఆస్తి అన్న వాడుకల్లో వాటాల భావం ఇమిడే ఉంది కదా.

7. ముగింపు

ఈ ప్రతిపాదనపై ఒక ఆక్షేపణ న్యాయమైనది. ఇన్‌కోటర్మ్స్ విలువ వాటి ఏకరూపతలోనే ఉంది, ప్రతి భాషా తన పదాలను పెట్టుకుంటే వివాదాలు పెరుగుతాయి కదా అని అడగవచ్చు. ఒప్పంద పత్రం వరకు ఇది అంగీకరించవలసినదే. ఎఫ్.ఓ.బి. అన్న సంకేతాన్ని తెలుగు లిపిలో అలాగే ఉంచాలి. సంకేతాన్ని నిలిపినంత మాత్రాన వివరణ బాధ్యత తీరదు. చట్టాన్ని బోధించే పాఠం, లోటును విశ్లేషించే వ్యాసం, మిర్చినో రొయ్యలనో విదేశానికి పంపే చిన్న వర్తకుడు చదివే కరపత్రం - వీటిలో సంకేతం వెనుక ఉన్న బాధ్యత తెలుగు వాక్యంగా రావాలి.

అందుకు ఈ వ్యాసం సూచించే ప్రమాణం మూడు ప్రశ్నలు. భారం ఎవరిది? ఎంతవరకు? దానికి రుజువు ఏ కాగితం? ఈ మూడింటిలో పదానికి సంబంధించిన ప్రశ్నకు జవాబు చెప్పలేని అనువాదం, ఎంత శ్రుతిమధురంగా ఉన్నా, అసంపూర్ణమే. ఎగుమతి, దిగుమతి, కేవు, దస్తావేజు, ఉమ్మడి వంటి మాటలు ఆ జవాబుకు కావలసిన ముడిసరుకును ఇస్తున్నాయి. 2025 చట్టాలకు తెలుగు పాఠాలు తయారయ్యే దశలోనే ఈ పరిశీలన జరగడం మేలు. పాఠ్యపుస్తకంలో ఒకసారి స్థిరపడిన దోషాన్ని తొలగించడం, కొత్త పదాన్ని కల్పించడం కంటే కష్టం.