బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కి ఒక విన్నపం

వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో ఏటీవీ అనే మట్టిదారుల బండి నడిపి వచ్చిన ఒక పాఠకుడు ఈ వారం ఉత్తరం రాశారు. స్కూటీకి రెండు చక్రాలు తగిలిస్తే ఆర్సీలో ఎక్కిస్తారు, కంపెనీ తయారుచేసిన నాలుగు చక్రాల బండిని మాత్రం రిసార్టు గేటు దాటనివ్వరు, ఇదేం న్యాయమని ఆయన ప్రశ్న. రోడ్డు కార్లవాళ్ల జాగీరు కాదని ఈ కాలమ్‌లో నేను ఎంత పోట్లాడానో మీకు తెలుసు. చదవగానే ఆయన పక్షానే నిలబడాలనిపించింది.

అంతలో మా మావయ్య గుర్తొచ్చాడు.

చిన్నతనంలోనే పోలియోతో ఆయన రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. చేత్తో తిప్పే ట్రైసైకిల్ మీదే ఏళ్ల తరబడి ఉద్యోగానికి వెళ్లొచ్చాడు. తర్వాత పాత స్కూటరొకటి కొని, విజయవాడ ఆటోనగర్‌లో సైడ్ వీల్స్ కట్టించుకున్నాడు. లేత్ మీద యాక్సిల్ తీశారు, ఇనుప పట్టీలు వెల్డింగ్ చేశారు, కాలి బ్రేకును చేతికి తెచ్చారు. మూడు చక్రాల బండి అనేవాళ్లం గానీ లెక్కపెడితే నాలుగు: ముందొకటి, వెనకొకటి, పక్కన రెండు. బండి వచ్చిన వారంలోనే ఎవరినీ బతిమాలకుండా ఒక్కడే సెకండ్ షోకి వెళ్లొచ్చాడు. ఇంట్లో అందరం మేలుకునే ఉన్నాం. గుమ్మంలో హారన్ కొట్టినప్పుడు అమ్మమ్మ తిట్టిన తిట్లలో ఉన్నంత సంతోషం నేను మళ్లీ వినలేదు.

దివ్యాంగుల బండి అంటే వాళ్లకోసమే ప్రత్యేకంగా రూపొందించి తయారుచేసినది, ఊరికే మార్పులు చేసినది కాదు అని 1988 నాటి మోటారు వాహనాల చట్టం రాసుకుంది. మావయ్య బండి ఆ నిర్వచనంలో ఇమడలేదు. 2019 సవరణ ఆ అడ్డు తీసేసింది. 52వ సెక్షన్ కింద మార్పులు చేసిన బండి కూడా ఇప్పుడు ‘అడాప్టెడ్ వెహికిల్’. లైసెన్సులోనూ ఆ పేరే చేరింది. మంచి చట్టం, ఆలస్యంగా వచ్చింది.

అయితే మావయ్య వెనక కూర్చున్నప్పుడల్లా మలుపు దగ్గర నా గుండె జారేది. రెండు చక్రాల బండి మలుపులో లోపలికి వాలుతుంది. సైడ్ వీల్స్ దాన్ని వాలనివ్వవు. మనిషి బయటికి తూలతాడు, జోరు ఎక్కువైతే లోపలి చక్రం నేల విడుస్తుంది. గుంతల్లో ఇంకో గండం. పక్క చక్రాలు గుంత అంచుల మీద నిలబడిపోతే, ఇంజను తిప్పే వెనక చక్రం గాల్లో తేలుతుంది. అప్పుడు బండి లాగదు, వెనక బ్రేకు పట్టదు. కాలు ఆనించి ఆపుకోలేని మనిషికి అది ప్రాణం మీదికి వచ్చే సంగతి.

ఏటీవీ కూడా మలుపులో వాలదు. పైగా దాని టైర్లు మట్టికోసం చేసినవి, వాటిలో గాలి చాలా తక్కువ. చాలా మోడళ్లలో వెనక చక్రాలు రెండూ ఒకే యాక్సిల్‌కి బిగించి ఉంటాయి, కలిసే తిరుగుతాయి. మట్టిలో ఒక చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. తారు మీద జారదు కనుక హ్యాండిల్ ఎటు తిప్పినా బండి తిన్నగా పోవాలనే చూస్తుంది, గట్టిగా తిప్పితే పల్టీ కొడుతుంది. మూడు చక్రాల ఏటీవీల ప్రమాదాల వల్ల అమెరికాలో 1988లో కంపెనీలు వాటి అమ్మకమే ఆపేయాల్సి వచ్చింది. బండి వాలడానికి చక్రాల లెక్క అడ్డేమీ కాదు. మలుపులో ముందు చక్రాలు రెండూ వాలే స్కూటర్‌ని పియాజియో 2006లోనే తెచ్చింది. అలాంటిది ఎన్ని చక్రాలతో వచ్చినా రోడ్డు మీదికి రానివ్వండి అంటాను. రిసార్టులో నడిపే ఏటీవీని మాత్రం అక్కడే ఉండనివ్వండి.

సైడ్ వీల్స్ బండ్ల విషయంలో బ్రేక్ ఇన్‌స్పెక్టర్లు చూసీచూడనట్టు వదిలేయాలని వాదించేవాణ్ణి. ఇప్పుడు గట్టిగా చూడమంటున్నాను. కాగితం మీద ముద్ర వేసేముందు బండిని ఒక మలుపు తిప్పించండి, ఒక గుంత దాటించండి. పక్క చక్రాలకు స్ప్రింగులున్నాయా, వెల్డింగ్ పగుళ్లిచ్చిందా అని వంగి చూడండి. లోపం దొరికితే సరిచేయించే ఖర్చు ప్రభుత్వమే పెట్టుకోవాలి, బండి మీద ఆధారపడి బతికేవాడి జేబులోంచి తీయకూడదు.