దైవ ఎంపిక – మానవ రక్షణ : ఒక క్రైస్తవ సిద్ధాంత పరిశీలన

క్రైస్తవ మతంపై ముస్లిం రచయితలు చేసే విమర్శలలో ఒక వాదం తరచు వినవస్తుంది. స్వర్గవాసులెవరో, నరకవాసులెవరో దేవుడు ముందే నిర్ణయించాడని క్రైస్తవులు నమ్ముతారనీ, కాబట్టి వారి మతంలో సత్కార్యాలకు విలువ లేదనీ ఆ వాదం. ఇందులో రెండు పొరపాట్లున్నాయి. క్రైస్తవులందరూ అలా నమ్మరు. నమ్మేవారు సైతం సత్కార్యాలను తోసిపుచ్చరు. పైగా సరిగ్గా ఇదే అభియోగాన్ని పాశ్చాత్య రచయితలనేకులు 'తఖ్దీర్' పేరిట ఇస్లాంపై మోపారు. తనపై వచ్చినప్పుడు అన్యాయమని తోచే వాదం ఎదుటివారిపై ప్రయోగించినప్పుడు మాత్రం న్యాయమెలా అవుతుంది?

మొదట పదం సంగతి చూడాలి. తెలుగు బైబిలులో ఈ భావానికి 'ఏర్పాటు', 'ఏర్పరచుకొనుట' అన్న మాటలు వాడారు. నేటి పాఠకునికి ఏర్పాటు అనగానే పెళ్ళి పనులో, సభా నిర్వహణో గుర్తుకొస్తాయి. 'ఎన్నిక' అంటే ఓట్లు గుర్తుకొస్తాయి. 'తలరాత' అంటే భావమే తారుమారవుతుంది. తలరాత అన్న మాటలో నిస్సహాయత ధ్వనిస్తుంది. క్రైస్తవుల ఎంపికలో ప్రధానమైనది ఎంచుకున్నవాని కరుణ. తఖ్దీర్‌ను తలరాత అని అనువదించడం ఎంత తప్పో, ఇదీ అంతే తప్పు.

ఈ సిద్ధాంతానికి ముఖ్యాధారం పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికలోని 9, 10, 11 అధ్యాయాలు. యాకోబు, ఏశావులనే కవలలు పుట్టకముందే, మంచిచెడులేవీ చేయకముందే దేవుడు వారిలో ఒకరిని ఎంచుకున్నాడని పౌలు అక్కడ వాదిస్తాడు. కుమ్మరి, మట్టి ఉపమానం చెబుతాడు. అయితే మూడు అధ్యాయాలనూ కలిపి చదివితే అతణ్ణి వేధించిన ప్రశ్న వేరని బోధపడుతుంది. వాగ్దానం పొందిన ఇస్రాయీలు జాతి మసీహ్‌ను ఎందుకు అంగీకరించలేదు? దేవుని మాట వ్యర్థమైందా? ఇది జాతులను గురించిన ప్రశ్న. పౌలు ముగించేది కూడా దైవ కారుణ్యం అందరినీ ఆవరిస్తుందనే ఆశతోనే.

ఈ ప్రశ్నను ఒక్కొక్క వ్యక్తి మోక్షానికి ముడిపెట్టి, పాశ్చాత్య క్రైస్తవానికి దారి చూపినవాడు అగస్టీన్ (354–430). నేటి అల్జీరియాలోని హిప్పో నగరానికి ఆయన బిషప్. మనిషి తన సంకల్పబలంతో దైవాజ్ఞలను పాటించగలడని బోధించిన పెలాగియస్‌తో ఆయన తీవ్రంగా తలపడ్డాడు. 418లో కార్తేజ్ సభ పెలాగియస్ బోధలను ఖండించింది. అగస్టీన్ వాదం ఇది: ఆదాము పాపంలో మానవజాతి అంతా దోషి అయింది, అందరూ శిక్షార్హులే, వారిలో కొందరిని దేవుడు కృపతో ఎంచుకుంటాడు, ఎంపికైనవారికి దక్కేది కరుణ, మిగిలినవారికి దక్కేది న్యాయం. అప్పు పడినవారిలో కొందరికి రుణదాత బాకీ మాఫీ చేస్తే మిగిలినవారు అన్యాయమనడానికి వీల్లేదు కదా!

తర్కం పటిష్టంగానే ఉంది. అయితే ఆ అప్పు నిజంగా ఉన్నదా అన్నదే అసలు ప్రశ్న. పుట్టుకతోనే మనిషి దోషి కాకపోతే కొందరినే ఎంచుకోవడం కరుణ అనిపించుకోదు, పక్షపాతమవుతుంది. బాప్తిస్మం పొందకుండా మరణించిన పసికందులు కూడా, ఎంత స్వల్పమైనదైనా, శిక్షకు గురి అవుతారని అగస్టీన్ అనవలసి వచ్చింది. పునాది ఎంత బరువు మోస్తున్నదో అక్కడే తేలిపోయింది.

జాన్ కాల్విన్ (1509–1564) ఈ తర్కాన్ని తుదివరకూ నడిపించాడు. కొందరికి నిత్యజీవం, మరికొందరికి నిత్యశిక్ష దేవుడు అనాదిగా నిర్ణయించాడని 1559 నాటి తన గ్రంథంలో స్పష్టం చేశాడు. అది వణుకు పుట్టించే నిర్ణయమని తానే ఒప్పుకున్నాడు. హాలెండులో ఆర్మీనియస్ అనుచరులు 1610లో దీన్ని వ్యతిరేకించారు. దేవుడు ఎవరు విశ్వసిస్తారో ముందే ఎరిగి వారిని ఎంచుకుంటాడనీ, కృపను మనిషి తిరస్కరించగలడనీ వారన్నారు. 1618–19లో జరిగిన డోర్ట్ సభ వారిని ఖండించింది. అంతటితో వివాదం సమసిపోలేదు. 18వ శతాబ్దంలో జాన్ వెస్లీ ఆర్మీనియస్ పక్షమే వహించాడు.

ఇక్కడొక విచిత్రం గమనించాలి. రక్షణ దేవుని కానుక, నీ గొప్పతనం కాదు అని భక్తుణ్ణి ఊరడించడానికి పుట్టిన సిద్ధాంతం 'నేను ఆ జాబితాలో ఉన్నానా?' అనే భయంగా మారింది. తాము ఎంపికైనవారమనే గుర్తుల కోసం ప్యూరిటన్లు తమ అంతరంగాన్నీ, నడవడినీ నిత్యం శోధించుకునేవారు. ఆ కలత నుంచే వృత్తిలో కఠోర శ్రమ, క్రమశిక్షణ పుట్టాయని 1904–05లో మాక్స్ వెబర్ వాదించాడు. కర్మలకు విలువ లేదన్న అభియోగం చరిత్ర ముందు నిలవదు.

ఇతర క్రైస్తవ శాఖల మార్గం వేరు. ఉమయ్యద్ ప్రభుత్వంలో పనిచేసిన కుటుంబానికి చెందిన దమస్కసు యోహాను, దేవునికి సర్వమూ ముందే తెలుసు గాని సర్వమూ ఆయన ముందుగా నిర్ణయించడని చెప్పాడు. అదే యుగంలో గైలాన్ దిమష్ఖీ మానవ స్వేచ్ఛను సమర్థించి ఖలీఫా హిషామ్ కాలంలో ప్రాణాలు కోల్పోయాడు. ఇక కేథలిక్ చర్చి 1547లో ట్రెంట్ సభలో మానవేచ్ఛ నశించలేదని ప్రకటించింది. 20వ శతాబ్దంలో కార్ల్ బార్త్ (1886–1968) ప్రొటెస్టంట్ వాదాన్నే తిరగరాశాడు. ఎంపికైనవాడూ, తిరస్కృతుడూ క్రీస్తేననీ, మానవులు ఆయనలో ఎంపికయ్యారనీ 1942లో వ్రాశాడు. భయం తొలగింది, కాని రక్షణ మొత్తం సిలువపైనే ఆధారపడింది. ముస్లింకు ఆ మేరకు దూరం పెరిగిందే తప్ప తగ్గలేదు.

ఇస్లామీయ చింతనకు ఈ చిక్కు కొత్తదేమీ కాదు. ఖదరియా, జబ్రియా వర్గాల వివాదమూ, ముఅతజిలాల వాదమూ, ఇమామ్ అష్అరీ ప్రతిపాదించిన 'కస్బ్' సిద్ధాంతమూ ఈ ముడి విప్పే ప్రయత్నాలే. అంతా వ్రాయబడి ఉంటే కర్మలెందుకని సహాబీలు అడిగినప్పుడు, ఆచరిస్తూ ఉండండి, ఎవరు దేనికై సృష్టించబడ్డారో అది వారికి సులభమవుతుందన్న భావంతో దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సమాధానమిచ్చారు. ఎవరూ కేవలం తమ కర్మలతో స్వర్గంలో ప్రవేశించరనీ, తానైనా అల్లాహ్ కారుణ్యం ఆవరిస్తేనే ప్రవేశిస్తాననీ కూడా వారే సెలవిచ్చారు. కాబట్టి క్రైస్తవానిది కృప, ఇస్లాంది కర్మ అని గీత గీయడం ఉభయులకూ అన్యాయమే.

మరి భేదమెక్కడ? పుట్టిన ప్రతి శిశువూ 'ఫిత్రత్'పై పుడుతుందని హదీసు. హజ్రత్ ఆదం (అలైహిస్సలాం) పశ్చాత్తాపపడ్డారు, క్షమించబడ్డారు (దివ్య ఖుర్ఆన్ 2:37). ఒకరి భారం మరొకరు మోయరు (6:164). వారసత్వంగా వచ్చే అప్పే లేనప్పుడు కొందరికే మాఫీ ఎందుకన్న ప్రశ్న ఆ రూపంలో తలెత్తదు. దైవ జ్ఞానానికీ మానవ సంకల్పానికీ గల సంబంధం మాత్రం ఇస్లాంలోనూ బుద్ధికి పూర్తిగా అందని విషయమే. దాన్ని ఎదుటివారి లోపంగా చూపడం తగదు.

విమర్శ గురి పెట్టవలసింది జన్మపాప సిద్ధాంతంపై, పూర్వనిర్ణయంపై కాదు. ఒక జాతిపట్ల గల ద్వేషం న్యాయం నుంచి తప్పించకూడదన్న ఖుర్ఆన్ ఆదేశం (5:8) కలం పట్టినవానికి కూడా వర్తిస్తుంది.