జరీనా ‘డివైడింగ్ లైన్’: చెక్కగా మిగిలిన గీత

అలీగఢ్‌లో జన్మించిన జరీనా హష్మీ (1937–2020) అరవై దాటిన వయస్సులో, 2001లో, ఈ కొయ్య అచ్చును రూపొందించారు. కాగితంపై వంకరటింకరగా సాగే నల్లని గీత ఒక్కటే ఉంది. అది భారత–పాకిస్తాన్ సరిహద్దు. ఊరు లేదు, నది లేదు, పేరు లేదు.

కొయ్య అచ్చులో ఉలి తాకని భాగమే సిరా పట్టుకొంటుంది. కాబట్టి ఈ గీత చెక్కినది కాదు; చుట్టూ ఉన్న నేలనంతా చెక్కివేయగా మిగిలినది. దేశవిభజన అందరికీ మిగిల్చినది అదే.

ఎఫెసీ 2:14ను బోధించే మనం ఈ చిత్రాన్ని సమాధానానికి ఉపమానంగా తొందరపడి వాడకూడదని మా అభిప్రాయం. ఇందులో మధ్యగోడ కూలలేదు. కులాన్నిబట్టి సమాధుల స్థలాన్ని వేరుచేసుకొన్న సంఘంలో, ఆ గోడ కోసం ఏమేమి చెక్కివేశామో మొదట చూపడమే ప్రసంగీకుని పని.